కంటికి ఆనని దూరం

డ్రోన్ ఎగరెయ్యడం నేర్చుకునేవాళ్లకి అన్నిటికన్నా ముందు చెప్పే నియమం ఒకటుంది. ఎగరేసినది ఎప్పుడూ మన కంటికి కనపడుతూ ఉండాలి. బైనాక్యులర్స్‌తో చూస్తే లెక్కలోకి రాదు. చేతిలో ఉన్న తెర మీద చూస్తే అసలే లెక్కలోకి రాదు. సొంత కళ్లతో చూడాలి, మహా అయితే రోజూ పెట్టుకునే కళ్లజోడుతో. దీన్ని ‘విజువల్ లైన్ ఆఫ్ సైట్’ అంటారు. మనకు కనుచూపు మేర అన్న మాట ఉండనే ఉంది. శిక్షణ తరగతిలో ఈ నియమం చెప్పినప్పుడు ఆ బ్యాచ్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆడుకోవడానికి పోతే వాకిట్లోంచి, చదువుకోవడానికి పోతే హాస్టల్ వార్డెన్ గదిలోంచి, ఉద్యోగానికి పోతే సెల్‌ఫోన్‌లోంచి, ఎవరో ఒకరి కంటికి కనపడేంత దూరంలోనే ఉండమని మాకు మొదట్నుంచీ చెప్పిన మాటే కదా! ఇన్నేళ్లకి తాడు మా చేతికొచ్చింది, కట్టేసింది ఒక చిన్న మెషీన్ని. అంతే తేడా.

నవ్వు సంగతి అలా ఉంచితే ఆ నియమం ఉత్తపుణ్యానికి పెట్టింది కాదు. రెండు అరచేతుల్లో పట్టేంత మెషీను మూడు వందల మీటర్లు దాటేసరికి ఈగంత అయిపోతుంది. ఇంకొంచెం పోతే ఆకాశంలో ఎక్కడుందో వెతుక్కోవాలి. అంతకంటే ముందే దాని మొహం ఎటు తిరిగి ఉందో తెలియడం ఆగిపోతుంది. మొహం మన వైపు తిరిగి ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, మనం కుడికి తోస్తే అది మన ఎడమకి పోతుంది. పక్కనున్న కరెంటు తీగకీ దానికీ మధ్య ఎంత ఎడం ఉందో కింద నిలబడ్డ మన కంటికి ఎప్పుడో అందకుండా పోతుంది. ఆ స్థితిలో తెరనీ అంకెలనీ నమ్ముకుని ముందుకు పోవడమంటే గుండె చేతిలో పట్టుకోవడమే. నాకు ఆ నమ్మకం ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అసలు అంత దూరం ఎగరెయ్యాల్సిన అవసరం ఏమొచ్చిందో ముందు చెప్పాలి. వరంగల్లు వైపు ఊళ్లలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువపట్టి కింది చెరువుకి, అది నిండితే ఆ కింది దానికి. కాకతీయుల కాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. చెరువు కింద అరెకరం, ఎకరం సాగు చేసుకునే ఆడవాళ్ల మీద మా బృందం చేస్తున్న అధ్యయనం కోసం నేను వెళ్లిన ఊరు ఒక గొలుసులో చిట్టచివరిది. పై చెరువు మూడేళ్లుగా మత్తడి పోస్తున్నా ఈ చివరి చెరువులోకి నీళ్లు సగానికి కూడా రావడం లేదు. “కాలువను నడుమల ఎవలో తెంపిన్రు” అని ఆడవాళ్లంటారు. “రికార్డులో కాలువ ఉంది” అని ఆఫీసులో అంటారు. మత్తడి నుంచి చివరి చెరువు దాకా కాలువ పొడవు 4.2 కిలోమీటర్లు. నడిచి చూద్దామంటే రెండు చోట్ల ప్రహరీగోడలూ ముళ్లకంచెలూ అడ్డం. లోపలికి రానివ్వరు. పైనుంచి చూడటం తప్ప వేరే దారి లేదు.

మన దేశంలో 2021లో వచ్చిన డ్రోన్ నియమాలు మెషీన్లని బరువును బట్టి విభజించాయి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, అలా పైకి. మ్యాపులో ఆకుపచ్చ రంగు వేసిన ప్రాంతాల్లో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరెయ్యొచ్చు. కనుచూపు దాటించాలంటే మాత్రం వేరే అనుమతి ఉండాలి. తెలంగాణలో 2021 సెప్టెంబరులో వికారాబాద్ దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి మందులూ టీకాలూ డ్రోన్లతో పంపి చూసింది అలాంటి ప్రత్యేక అనుమతి మీదే. మాతో కలిసి పనిచేసిన సాంకేతిక సంస్థ మా కాలువకి అటువంటి అనుమతి తెచ్చింది. దారి పొడవునా మనుషుల్ని నిలబెట్టాలన్నది మాకున్న షరతు. పైలట్ కంటికి కనపడకపోయినా మెషీను ప్రతిక్షణం ఎవరో ఒకరి కంటికి కనపడుతూనే ఉండాలి. ఈ ఒక్క షరతే తర్వాత మొత్తం కథని మార్చేసింది.

దానికి ముందు రెండు నెలల సాధన. శిక్షకుడు “మీ కన్నుని కాదు మేడమ్, తెరని నమ్మండి” అనేవాడు. తెర అబద్ధం చెప్పదు కానీ, నిజం చెప్పే తీరు వేరు. ఉదాహరణకి ఎత్తు. తెర మీద 90 మీటర్లు అని పడితే అది మనం ఎగరేసిన చోటు నుంచి 90 మీటర్లు. దాని కింద నేల ముప్పై మీటర్లు లేచి ఉంటే మెషీనుకీ నేలకీ మధ్య మిగిలేది 60 మీటర్లే. ఆ 60లో తాటిచెట్లూ సెల్ టవరూ హైటెన్షన్ స్తంభాలూ పోను ఎంత మిగులుతుందో తెర చెప్పదు. అది నడిచి తెలుసుకోవాల్సిన సంగతి. ఆ రెండు ప్రహరీగోడల దగ్గర చుట్టు తిరుగుతూ కాలువ వెంట మూడుసార్లు నడిచాను. ఎత్తయిన ప్రతిదాన్నీ పుస్తకంలో రాసుకున్నాను. సిగ్నల్ తెగిపోతే మెషీను దానంతటదే ముందుగా నిర్ణయించిన ఎత్తుకి లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వచ్చేస్తుంది. ఆ ఎత్తు ఎంతో పెట్టాల్సింది మనమే. దారిలో ఉన్న అన్నిటికన్నా పొడుగాటిదాని మీద ఇంకో ఇరవై మీటర్లు వేసి పెట్టాను.

పెట్టినంత మాత్రాన నమ్మకం కుదరదు కదా. అందుకని ఎండిన చెరువు శిఖంలో, కంటికి కనపడే దూరంలోనే మెషీన్ని నిలిపి, కావాలనే చేతిలో రిమోట్ ఆపేసేదాన్ని. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. ఆ కొన్ని క్షణాలే కష్టం. తర్వాత అది పైకి లేస్తుంది, మొహం తిప్పుకుంటుంది, వస్తుంది. పదిసార్లు చేశాను, ఇరవైసార్లు చేశాను. ఆ తర్వాత దానికి వీపు పెట్టి కూర్చుని తెర ఒక్కటే చూస్తూ నడపడం. వెనక నిలబడ్డ సహచరి చూసి చెప్పేది. గాలికి ఎదురుగా బయల్దేరాలని, వచ్చేటప్పుడు గాలి మనతో ఉండాలని నేర్చుకున్నాను. బ్యాటరీలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు అసలు ఉన్నట్టే అనుకోకూడదు. ఇంట్లో నెల ఖర్చు చూసుకునే ఆడవాళ్లెవరికీ ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

మా బ్యాచ్‌లో కుర్రాళ్లు కొందరు మొదటివారంలోనే మెషీన్ని కంటికి కనపడనంత దూరం పంపి వెనక్కి తెచ్చి చప్పట్లు కొట్టించుకున్నారు. దాన్ని ధైర్యం అన్నారు. నా చెక్‌లిస్టుని భయం అన్నారు. ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. దారి తెలీకుండా బండి దౌడు తీయించడం ధైర్యమూ కాదు, దారి ముందే నడిచి చూసుకోవడం పిరికితనమూ కాదు. ఇంటి పని దగ్గర్నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా జాగ్రత్తగా చేసే పని ఆడవాళ్లు చేస్తే దానికి ‘స్వభావం’ అని పేరుపెట్టి పక్కన పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. అది నైపుణ్యమని ఒప్పుకుంటే జీతమూ పేరూ ఇవ్వాల్సొస్తుంది.

ఇక మనుషుల్ని నిలబెట్టే విషయం. సాంకేతిక సంస్థ పట్నం నుంచి ఐదుగురు కుర్రాళ్లని తెస్తానంది. ఊరి ఆడవాళ్ల మీటింగులో ఈ సంగతి చెప్తే ఒక పెద్దామె కస్సుమంది. “మా కాలువ గట్టు మీద మీ పోరగాండ్లు నిలబడుడేంది? మేం లేమా?” అంది. నిజమే, ఆ కాలువ గట్టు ఆడవాళ్లది. పొద్దున్నే ఆరున్నరకి గాలి కదలదు, వెలుతురు మెత్తగా ఉంటుంది, డ్రోన్‌కి అంతకన్నా మంచి వేళ లేదు. కానీ సరిగ్గా ఆ వేళకే ఆడవాళ్లు తుమ్మచెట్ల చాటుకి వెళ్తారు. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతమంతా బహిరంగ మలవిసర్జన లేనిదని ప్రకటించేశారు. అయినా నీళ్లు లేని మరుగుదొడ్లున్న ఇళ్లలోని ఆడవాళ్లు చీకటితో లేచి గట్టుకే వస్తున్నారు. బట్టలుతికేదీ స్నానాలు చేసేదీ అక్కడే. కాబట్టి వేళ వాళ్లే పెట్టారు. పదింటి తర్వాత. అప్పటికి ఎండ ఎక్కుతుంది, గాలి లేస్తుంది, గద్దలు తిరుగుతాయి. నా బ్యాటరీ లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. వేసుకున్నాను. వాళ్లే ఇంకో షరతు కూడా పెట్టారు. కావలి ఉన్న మనిషి “ఆడోళ్లున్నరు” అంటే కెమెరా తల పైకెత్తెయ్యాలి, దాటాకే దించాలి.

ఐదు చోట్ల కావలి, ఒక్కో చోటికీ మధ్య దాదాపు ఎనిమిది వందల మీటర్లు. రెండు రోజులు నేర్పాం. నేర్పాం అంటున్నాను గానీ నిజానికి వాళ్లే మమ్మల్ని సరిదిద్దారు. కుడి, ఎడమ, ఉత్తరం, దక్షిణం అని చెప్పమంటే ఎవరి కుడి, ఎవరి ఎడమ అని తికమక. ఒకామె “గవన్ని ఎందుకు, జాగల పేర్లు చెప్తం” అంది. మా మ్యాపులో ఆ కాలువ ఒక సన్నటి గీత. వాళ్ల నోట్లో అది పోచమ్మ గుడి, ఈదుల బోరు, పాత ఒర్రె, పీర్ల బండ, తాళ్లమూల. రెండొందల అడుగులకొక పేరు. ఫోన్లన్నీ ఒకే కాల్‌లో కలిపాం. గుట్ట చాటున మూడో కావలి దగ్గర సెల్ సిగ్నల్ అందదు. దానికీ ఉపాయం వాళ్లదే. అక్కడి ఆమెకి కేక వినపడేంత దూరంలో, సిగ్నల్ అందే మిట్ట మీద ఇంకొకామె నిలబడింది. ఆమె చూసి కేకేస్తుంది, ఈమె విని ఫోన్‌లో చెప్తుంది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పదింబావుకి ఎగరేశాం. సెకనుకి 8 మీటర్ల వేగం, పోవడానికి దాదాపు తొమ్మిది నిమిషాలు. నేను చివరి చెరువు కట్ట మీద గొడుగు కింద, తెర మీద ఎండ పడకుండా తలకి కొంగు కప్పుకుని కూర్చున్నాను. మొదటి నిమిషం కళ్లు తెర మీంచి ఆకాశంలోకి పోతూనే ఉన్నాయి. తర్వాత అది కనిపించడం మానేసింది. చెవిలో గొంతులు మొదలయ్యాయి.

“పోచమ్మ గుడి మీదికచ్చింది.”

“మా దిక్కు అచ్చింది మేడమ్, మంచిగ పోతాంది.”

“గద్ద ఉన్నది గని దూరమున్నది.”

గుట్ట దగ్గరికి పోయేసరికి తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. బొమ్మ బిగుసుకుపోయింది. ఈ పరిస్థితికి నియమం తెలుసు. వేళ్లు తీసెయ్యాలి. వేళ్లు తీస్తే మెషీను ఉన్నచోటే నిలబడాలి. నిలబడిందా? తెర చెప్పదు. నా కళ్లకి అందదు. శిక్షకుడు నమ్మమన్నదీ లేదు, నియమం నమ్మమన్నదీ లేదు. అప్పుడు ఫోన్‌లో మిట్ట మీది ఆమె గొంతు, ఆమె వెనక సన్నగా అసలు చూస్తున్న ఆమె కేక. “ఉన్నది, ఉన్నది. నిలబడ్డది. కదుల్తలేదు. బండకు ఇవతలనే ఉన్నది.” నాలుగైదు సెకన్ల తర్వాత బొమ్మ మళ్లీ కదిలింది. ఇంకో పది మీటర్లు పైకి లేపి గుట్ట దాటించాను.

నమ్మకం అన్నది నాకు ఆ కేకలో దొరికింది. అప్పటిదాకా నేను మెషీన్ని నమ్మాలా, నన్ను నేను నమ్ముకోవాలా అని రెండిటి మధ్యే కొట్టుకున్నాను. ఆత్మవిశ్వాసం గురించి మనం రాసే వ్యాసాల్లో కూడా అది ఒంటరి మనిషి లోపల తోడుకోవాల్సిన ఊటలాగే రాస్తూ వచ్చాం. కంటికి ఆనని దూరంలో నా చేతులు వణక్కుండా ఉన్నది నా లోపల ఏదో ఊరడం వల్ల కాదు. దారి పొడవునా ఆరుగురు ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు కాబట్టి.

అయితే తలెత్తి చూసేవాళ్ల మాట చెల్లని చోట ఇదే ఎత్తు ఎంత పని చేస్తుందో కూడా మర్చిపోకూడదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్ల మీద కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ 2024 నవంబరులో ప్రచురించిన అధ్యయనం మనలో చాలామంది చదివే ఉంటారు. జంతువుల కోసమని పెట్టిన కెమెరాలూ డ్రోన్లూ అడవిలో పుల్లలకీ గడ్డికీ వెళ్లే ఆడవాళ్లని వెంటాడటానికి, బెదిరించి తరమడానికి వాడారని అందులో ఉంది. కాలకృత్యాలకి వెళ్లిన ఒకామె ఫోటో కెమెరాలో పడి ఊరంతా తిరిగింది. అడవిలో జంతువుల్ని దూరంగా ఉంచడానికి గట్టిగా పాడుకునే ఆడవాళ్లు కెమెరా ఉందన్న బెరుకుతో గొంతు తగ్గించారు. అడవిలో పాట ఆపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 1988లో డొనా హారవే ఎక్కడా నిలబడకుండా అంతా చూస్తున్నానని చెప్పుకునే చూపుని దేవుడి కనికట్టు అంది. యూనివర్సిటీలో అది పాఠంగా చెప్పినన్నాళ్లూ నాకు అది జ్ఞానం గురించిన వాదనగానే ఉండేది. రిమోట్ చేతికొచ్చాక అది నా బొటనవేళ్ల సంగతి అయింది. పైనుంచి చూసే నేను ఎక్కడ కూర్చున్నానో కిందివాళ్లకి తెలియాలి. కట్ట మీద, గొడుగు కింద, ఫలానా మనిషి అని వేలు పెట్టి చూపించేలా ఉండాలి.

వీడియో మొదట చూసింది కూడా వాళ్లే. పంచాయతీ గదిలో గోడ మీద వేశాం. డాబా మీద తల ఆరబెట్టుకుంటున్న ఒక కోడలు కనపడితే ఆ ముక్క అక్కడికక్కడే తీసేయించారు. మత్తడి దగ్గర కావలి ఉన్న పెద్దామె తనని తాను చూసుకుని, “మీదికెల్లి నేను గింతేనా!” అని చాలాసేపు నవ్వింది. ఆ ముక్క ఉంచమంది. కాలువ రెండు చోట్ల తెగి ఉంది. వాళ్లు మూడేళ్లుగా చెప్తున్న ఆ రెండు చోట్లే. ఒక చోట ఇటుకబట్టీ, ఇంకో చోట ప్లాట్ల వెంచర్ కోసం పోసిన మట్టి. “మేం చెప్తే ఇనలే. గా పురుగు చెప్తే ఇంటరా?” అని ఒకామె అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రోజూ ఆ గట్టు మీద నడిచే ఆడవాళ్ల సాక్ష్యం కన్నా తొమ్మిది నిమిషాల బొమ్మ బరువైనదవడం మన విజయమేనా అన్న చేదు నాలో ఇంకా ఉంది. బొమ్మలతోపాటు వాళ్ల పేర్లన్నీ రాసిన మ్యాపు కూడా అర్జీకి జతచేశాం. జూన్‌లో జేసీబీ వచ్చి ఇటుకబట్టీ దగ్గర మట్టి తీసింది. వెంచర్ దగ్గర మట్టి అలాగే ఉంది.

ఆడవాళ్ల చేతికి డ్రోన్ అన్న మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకంలో 15 వేల స్వయం సహాయక బృందాలకి డ్రోన్లు ఇవ్వాలన్నారు. మెషీను ఖర్చులో 80 శాతం, ఎనిమిది లక్షలకి మించకుండా సాయం. పొలాల మీద ఎరువులూ పురుగుమందులూ చల్లే పని. ఆ పని వల్ల నాలుగు డబ్బులొస్తే సంతోషమే. కానీ మందు చల్లే మెషీను మడి దాటదు, చూసి చెప్పే పని దానిది కాదు. 1905లో మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో బేగం రొకేయా రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో ఆడవాళ్లు గాలిలో ప్రయాణం చేస్తారు, మేఘాల నుంచి నీళ్లు తోడుకుంటారు. ఎగరడమూ నీళ్లూ రెండూ ఆమె ఒకే కథలో పెట్టడం ఇప్పుడు నాకు కాకతాళీయం అనిపించదు.

కావలి ఉన్నవాళ్లలో ఇద్దరు చిన్నవాళ్లు పైలట్ సర్టిఫికెట్‌కి చదువుతున్నారు. నియమాల ప్రకారం దానికి పదో తరగతి పాసై ఉండాలి, వయసు 18కీ 65కీ మధ్య ఉండాలి. మత్తడి దగ్గరి పెద్దామె బడి మొహం చూడలేదు, వయసెంతో ఆమెకే సరిగా తెలీదు. ఆరుగురిలో గద్దని అందరికన్నా ముందు కనిపెట్టింది ఆమే. వానాకాలంలో మత్తడి దుంకేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగుతున్నాయో చూడటానికి ఇంకోసారి ఎగరెయ్యాలి, అనుమతి కోసం మళ్లీ కాగితాలు పెట్టాం. మత్తడి కాడ నేనే నిలబడ్తా అని ఆమె ఇప్పట్నుంచే చెప్పి పెట్టింది. ఈసారి మాత్రం కుర్చీ వెయ్యమంది.